ఎవరి మెడల చెక్క

పోయిన వారం ఉమేషును గద్వాల బస్టాండు కాడ నిలవెట్టి వచ్చినం. చేతిల సెల్‌ఫోను, మొకం చూస్తె వేపకాయ కొరికినోని లెక్క. ఫోన్ల రవి చెప్పింది ఒక్కటే ముచ్చట: "ఆదివారం పగటి బువ్వకు మా ఇంటికి రా. బ్యాచంత వస్తుంది. యేసయ్య సంగతి తేల్చేద్దాం."

ముందటి వారాలు తప్పినోళ్లకు రెండు ముక్కలు. సెయింట్ కాస్మాస్ బడి, ఊరోళ్ల నోట్ల ఫాదర్ల బడి. దాని వరండాల ఎప్పుడో ఇటలీ ఫాదర్ పడవెక్కిచ్చి తెచ్చిన కంచు గంట ఒకటి ఉండె. చిన్న బిందెంత ఉంటది. ముప్పై అయిదేండ్ల సంది దాన్ని కొట్టేది యేసయ్య. ఎనభై రెండుల పదో తరగతి పాసైనోళ్లకు ఈ యేడు ఇరవై అయిదేండ్ల జూబ్లీ. జూబ్లీ నాడు అందరిని నవ్విద్దామని, యేసయ్య ఆదివారం చర్చిల పూజకు పోయిన యాళ చూసి ఉమేషు, రవి, లక్ష్మణ్ ముగ్గురు కలిసి గంటను ఎత్తుకపోయిండ్రు. ఉపాయం ఉమేషుదే. దానికి రిబ్బను కట్టి స్టేజి మీదికి తేవాలె, యేసయ్య చేతుల వెట్టాలె, శాలువ కప్పాలె. జూబ్లీ అయిపోయింది. శాలువలు కప్పుకునేటోళ్లు కప్పుకున్నరు. గంట మాత్రం రవి ఇంట్లనే ఉండిపోయింది. అడిగినప్పుడల్లా "రేపు" అన్నడు. ఆ రేపులు రేపులు అయితుండంగనే దొంగతనం యేసయ్య మీద వడ్డది. సోమవారం పొద్దుగాలకు బడి గోడకు ఆనుకోని ఆయిన ఉంటున్న అర్ర ఖాళీ చెయ్యాలె. పోతె పోయిండు, దొంగ అన్న పేరు నెత్తిన పెట్టుకోని పోవాలె.

గిదీ సంగతి. ఇగ ఆదివారంలకు పోదాం.

ఐజ రోడ్డు మీద రవి కొత్త ఇల్లు, మూడంతస్తులు, మామిడిపండు రంగు. ఉమేషు చెప్పులు ఇడిసి లోపటికి పొయ్యేసరికి నలభై మందిల ఊరి దిక్కు మిగిలిన బ్యాచంత హాల్ల కూసోని ఉంది. పన్నెండు మంది. అందరి మీద జూబ్లీ నీలం బనీన్లు, ఛాతి మీద బడి ముద్ర. పదహారేండ్ల పోరగాళ్లకు సరిపొయ్యే సైజుల కుట్టిచ్చిండ్రో ఏమో, నలభై ఏండ్ల బొర్రల మీద ఆ ముద్ర సాగి సాగి, దాంట్ల ఉన్న పావురం బాతు లెక్క అయింది.

"హలో ఉమేష్, వై లేట్ యా?" అన్నడు రవి. రవి పాత విద్యార్థుల సంఘానికి ప్రెసిడెంటు. జూబ్లీ పుస్తకంల ఫాదర్ ఫోటో కన్న రవి ఫోటో పెద్దగుంటది.

"బస్సు దొరకలే," అన్నడు ఉమేషు.

అంతే. పన్నెండు గొంతులు ఒక్కపారి "తెలుగూ" అని కూతవెట్టినయి. ఎవడో లేచి గోడకున్న మొలకెల్లి చెక్క తీసి ఉమేషు మెడల ఏసిండు.

ఈ చెక్క ముచ్చట చెప్పకుంటె కథ కాళ్లిరిగిన మంచమే. జానెడు చెక్క, దానికి తాడు, మీద ఇంగ్లిషుల 'నేను తెలుగు మాట్లాడిన' అని తెల్ల రంగు రాత. ఆ కాలంల బడిల తెలుగు మాట నోట్లకెల్లి జారిందంటె అది మెడలకెక్కేది. దించుకునేతందుకు ఒక్కటే తొవ్వ, ఇంకొకడు తెలుగు మాట్లాడంగ పట్టుకోవాలె, వాని మెడల ఎయ్యాలె. ఆఖరి గంటకు ఎవని మెడల ఉంటె వానికి ఫాదర్ బెత్తంతోని పది. అందుకని చెక్క ఉన్నోడు దోస్తు పక్కన కూసోని తొడ మీద గిచ్చేది. వాడు "అబ్బా" అన్నడంటె అయిపాయె. పక్కన కూసున్న దోస్తును ఎట్ల పట్టియ్యాలెనన్న చదువు పిల్లలు లెక్కల కన్న ముందు నేర్సుకున్నరు.

పట్టిచ్చేతందుకు మనసొప్పని పోరగాళ్లకు యేసయ్య ఉండె. ఆఖరి గంట కొట్టేముందు గంట కాడికి ఉరికిపోతె, "నా మెడల ఎయ్యి బిడ్డా, నేను పొద్దుందాక తెలుగే మాట్లాడ్తి గద," అని తాడు తన మెడలేసుకోని ఫాదర్ కాడికి పొయ్యేటోడు. ఫాదర్ నవ్వేటోడు. పిల్లగాడు ఇంటికి పొయ్యేటోడు. ఉమేషు ఎన్నిపార్లు గట్ల బతికిపోయిండో లెక్కలేదు.

బడిల చెక్క పద్ధతి ఎత్తేసినంక రవి దాన్ని తెచ్చి వార్నిషు కొట్టిచ్చి దాసుకున్నడు. బడి మీద ఆయినకు గంత ప్రేమ. గోడలు కదలకుంట ఉండవట్టి గాని, లేకుంటె అవి గూడ ఐజ రోడ్డు మీదనే ఉండు. ఇప్పుడు బ్యాచ్ కూడినప్పుడల్లా చెక్క ఆట ఆడ్తరు. ఆఖరికి ఎవని మెడల మిగిలితె వాడు అందరి ఎంగిలి విస్తర్లు ఎత్తాలె.

గద్వాలల ఫాదర్ల బడి మీద నడిచే మాటలు అన్నీ ఇన్నీ కావు. పిల్లలను చేర్పియ్యనోళ్లు అంటరు: "గేటు కాడ బొట్టు తుడుస్తరంట, ఆరు నెలలైతె పేరు మారుస్తరంట." చేర్పిచ్చినోళ్లు అంటరు: "ఆ బడిల చదివినోడు అబద్ధం ఆడడు, లైను తప్పడు, దొర లెక్క ఇంగ్లిషు మాట్లాడ్తడు." రెండూ ఉత్త ముచ్చట్లే. పదేండ్లల్ల ఉమేషు బొట్టు ఎవడూ తుడవలే, ఉమేషుకు ఇంగ్లిషు ఎవడూ నేర్పలే. వాళ్ల నాయిన చెన్నయ్య మగ్గం మీద బతికినోడు. "నూలు చీరకు పట్టంచు జోడిస్తెనే గద్వాల చీర. నా కొడుకు నూలు, ఆ బడి పట్టంచు," అని నలుగుర్ల చెప్పుకోని చేర్పిచ్చిండు.

ఆ అంచు ఇప్పటికీ పనికొస్తనే ఉంది. కర్నూలు రైల్ల ఎవడో తెల్వనోడు బడి పాట గునుగుతుంటె లేచి సీటిచ్చినోడు ఉమేషు. దవాఖానల, ఆఫీసుల, కోర్టుల "నువ్వు కాస్మాసా? ఏ బ్యాచ్?" అంటె సాలు, లైన్ల నిలవడ్డ ముప్పై మంది ఎనకకు, వీడు ముందటికి. ఇన్నేండ్లు ఉమేషు దాన్ని దోస్తానా అనుకున్నడు. ఆ ముప్పై మంది మొకాలు ఎన్నడూ తిరిగి చూడలే.

విస్తర్లు పడ్డయి. తునకల కూర, జొన్న రొట్టె, వీపనగండ్లల రవి సొంత పొలంల పండిన సన్నబియ్యం బువ్వ. "పాస్ ద మటన్ యా." "నల్లీ ప్లీజ్." ఒకడు బడి పాట ఎత్తుకున్నడు, మిగిలినోళ్లు నోట్ల ముద్ద పెట్టుకోనే అందుకున్నరు.

అప్పుడే లోపటికెల్లి గంట మోగింది.

రవి పెండ్లాం రజని దేవునికి నైవేద్యం పెట్టి హారతిస్తుంది. మోగింది మామూలు పూజ గంట కాదు. ణంగ్ మని లేచి, సివరికి జర బొంగురు పోయింది. ఆ బొంగురు ఎందుకొచ్చిందో హాల్ల ఉన్న ప్రతి ఒక్కనికి తెలుసు. డెబ్బై తొమ్మిదిల గంట కొక్కెం ఊడి కింద వడ్డప్పుడు అంచు మీద లేసిన నెర్రె అది. ఆ సప్పుడుకే పదేండ్లు బడిలకు ఉరికిండ్రు, బడికెల్లి ఉరికిండ్రు. గుండెల ఉంటది.

పన్నెండు మంది వీపులు ఒక్కపారి నిటారుగైనయి. ఎవడు చెప్పకముందుకే, పాత అలవాటు. ఒకని చెయ్యి నోటి కాడ ఆగింది. ఎవడూ ఎవన్ని చూడలే. మళ్ల వంగి తునకలు చీకుడు మొదలువెట్టిండ్రు. మూలకు కూసున్నోడు బొక్కను గుంజి గుంజి జుర్రుతుండు. ఉమేషు విస్తరి ఎనకకు నూకిండు.

"అందరికి ఎరుకనేనా?" అన్నడు. "నేను ముగ్గురికే ఎరుక అనుకున్న."

"ఈట్ ఫస్ట్," అన్నడు రవి.

"అరె, అది పూజ అర్రల ఎందుకుందిరా?"

"గృహప్రవేశం నాడు శ్రీరంగాపూర్ కెల్లి వచ్చిన పంతులు సప్పుడు ఇని, ఇది లక్ష్మి గంట అన్నడు. రజని పసుపు కుంకుమ పెట్టింది. పూజ చేసినంక తీస్తె మంచిది కాదంట." రవి గూడ తెలుగులకు దిగిండు. చెక్క ఏసేతందుకు ఈసారి ఎవడూ లేవలే.

"ఇటలీ ఫాదర్ గంటకు గద్వాలల కుంకుమ. బొట్టు తుడుస్తరని ఊరంత ఫాదర్లను తిట్టె. ఆఖరికి బొట్టు పెట్టింది మనమేనా?"

ఒకడు నవ్విండు. రవి చూసిన చూపుకు వాని నవ్వు బొక్కతోని పాటు విస్తరిల వడ్డది.

లక్ష్మణ్ చేతులు కడుక్కోనొచ్చి సంచిల కెల్లి కాయిదం తీసిండు. లక్ష్మణ్ వనపర్తి కోర్టుల వకీలు. బడిల ఉన్నప్పుడు ఉమేషు పక్క బెంచి. ఆ కాలంల ప్రోగ్రెస్ కార్డుల మీద క్లాసందరి నాయినల సంతకాలు పెట్టింది ఉమేషే. పక్కన కూసోని సిరా ఆరేదాక ఊదింది లక్ష్మణ్.

"ఇను," అని ఇంగ్లిషుల చదివిండు. సారం ఏందంటె, యేసయ్య ముసలితనంల తాగుడుకు అలవాటు వడి గంటను అమ్ముకున్నడు, తప్పు పెద్దదే, అయినా మేం ఆయిన చేతుల పెరిగిన పిల్లలం, ఫాదర్ గారు దయ తలిచి పోలీసు కేసు లేకుంట సాగనంపాలె. కింద పన్నెండు సంతకాలు. పదమూడో గీత ఖాళీగ ఉంది.

"యేసయ్య తాగడు," అన్నడు ఉమేషు.

"తెలుసు."

"మొన్న జూబ్లీ పార్టీల మన సీసాలు సదిరింది ఆయినే. వాసన పడక ముక్కుకు తువ్వాల కట్టుకున్నడు."

"తెలుసురా. తాగుడు రాయకుంటె అమ్ముకునేతందుకు కారణం ఉండది. కోర్టుల గట్లనే రాస్తం." లక్ష్మణ్ మొకంల ఏ రంగూ మారలే. పాలోని కాడ పాలు కొలిచి పోయించుకున్నట్టు చెప్తుండు. "కేసు కాకుంట కాపాడ్తున్నం. జర ఆలోచన చెయ్యి."

"కాపాడుడా ఇది? గంట తీసుకపోయి ఫాదర్ ముందట పెట్టుండ్రి. నవ్వులాటకు చేసినమని చెప్దాం. ఒక్కరోజు ఊరు నవ్వుతది, మరిచిపోతది."

రవి పండ్ల సందుల ఇరికిన పీచు తీసుకుంట చెప్పిండు. "జూబ్లీ నాడు అయితె నవ్వులాట. నెలయినంక దొంగతనం. సంఘం ప్రెసిడెంటు పూజ అర్రల బడి గంట దొరికిందంటె ఊరేమంటది? ఫాదర్ల బడి చదువు గిదేనా అనదా? నా ఇజ్జత్ గురించి కాదురా. బడి ఇజ్జత్."

"యేసయ్య బడి కాదా?"

ఉమేషు ఒక్కొక్కని మొకం చూసిండు. వీనికి టైఫాయిడ్ వచ్చినప్పుడు యేసయ్య సైకిల్ మీద ఇంటికి మోసిండు. వాడు లాగుల ఉచ్చ పోసుకుంటె యేసయ్య ఎవరికి తెల్వకుంట గంట కాడ ఆరేసిండు. వీని మెడల చెక్క, వాని మెడల చెక్క, అందరియి ఆయినే మోసిండు. జూబ్లీ నాడు మైకుల "యేసన్న మా ప్రాణం" అని ఏడ్చినోళ్లే అందరు. అందరు శ్రీవైష్ణవులే, బుట్టల రొయ్యలు మాయం.

ఉమేషుకు రోత పుట్టింది. కూర మీద తేలిన నూనె చూసినా రోత, బనీన్ల మీద సాగిన పావురం చూసినా రోత. తన మీద గూడ అదే బనీను ఉందని యాదికొచ్చినంక ఒంటి మీద జెర్రి పాకినట్టు అయింది.

"నేను సంతకం పెట్ట," అన్నడు.

"సరే. మరి ఉపాయం ఎవనిదిరా?" అన్నడు లక్ష్మణ్.

"నాదే."

"గంట కింది దిక్కు పట్టుకున్నది?"

"నేనే."

"పోయి ఫాదర్‌కు చెప్పు. మేం పన్నెండు మందిమి, మాకేం తెల్వదంటం. గంట యాడుందో ఎవనికి తెల్వదు. రేపు పొద్దుగాలకు పూజ అర్రల గూడ ఉండది. నీ ఒక్కని మాట ఎవడింటడు?" కాయిదం మడుసుకుంట మళ్ల అన్నడు, "నీ బిడ్డ తేజస్విని బడి లీడరు అయిందంటె ఊకె అయిందా? ఫాదర్‌కు చెప్పిందెవరు అనుకున్నవు? మేమే. కాస్మాసోని బిడ్డ గదా అని."

ఇది మాత్రం ఉమేషుకు తెల్వదు. జూన్ల తేజస్విని ఛాతికి లీడరు బిళ్ల పెట్టుకోనొచ్చిన నాడు వాడకట్టంతా పేడాలు పంచిండు. పిల్ల తెలివి, పిల్ల కష్టం అనుకున్నడు.

లేచిండు. చెప్పులేసుకుంటుంటె ఎనకకెల్లి ఎవడో అన్నడు, "అరె ఉమేషూ, చెక్క నీ మెడలనే ఉంది. విస్తర్లు ఎత్తకుంట పోతున్నవు."

"మీ ఎంగిలి మీరే ఎత్తుకోండ్రి," అన్నడు ఉమేషు.

"చెక్క?"

"నా కాడనే ఉండనీ."

"దించుకునే రూలు తెలుసు గద," అన్నడు రవి నవ్వుకుంట.

ఎండ నెత్తి మీద సుర్రుమంటుంది. ఉమేషు మెడల చెక్కతోని గద్వాల బజార్లకెల్లి నడుచుకుంట పోయిండు. చూసినోళ్లు ఏదో కంపెనీ ప్రచారం అనుకున్నరు. ఒక ముసలమ్మ "ఏం అమ్ముతున్నవు బిడ్డా?" అని గూడ అడిగింది. ఎప్పటి ఉమేషు అయితె నవ్వులాటకు ఏదో ఒకటి అమ్మెటోడే. ఇయ్యాల తొవ్వ చూసుకుంట నడిచిండు.

బడి గోడకు ఆనుకోని ఒంటి అర్ర. ముందట గిన్నెలు, చాప, ఒక ట్రంకు పెట్టె. యేసయ్య పెండ్లాం బాలమణి మేరీమాత పటాన్ని పాత చీరల చుడుతుంది. బాలమణి తల్లిగారు రాయచూరు దిక్కు. కోపమొస్తె కన్నడం వస్తది.

"యేసన్న ఉన్నడా?"

బాలమణి తలెత్తి చూసింది. నీలం బనీను చూసింది. చెక్క చూసింది. "సాకప్పా, సాకు. మీ పిల్లల ఆటలు ఇగ సాలు," అన్నది. కూసోమనలే. ఎండల వడి వచ్చిన మనిషికి గద్వాలల ఏ ఇంట్లనన్న ముందు చెంబుతోని నీళ్లిస్తరు. ఆమె ఇయ్యలే. నీళ్ల కుండ గూడ మూటల పక్కననే ఉంది.

యేసయ్య లోపటికెల్లి వచ్చిండు. సన్నటి మనిషి, తెల్ల అంగీ. కుడి భుజం ఎడమదాని కన్న రొండు అంగుళాలు కిందికి దిగి ఉంటది. గంట తాడు గుంజి గుంజి గట్లయింది.

"ఉమేషూ, రా బిడ్డా. ఇదేంది, ఇంక ఆడ్తుండ్రా ఈ ఆట?" అని చెక్కను చూసి నవ్విండు.

ఉమేషు తొవ్వ పొడుగుత ఏమేమో మాటలు కూడవెట్టుకున్నడు. అన్నీ పోయినయి. "యేసన్నా, గంట మేమే ఎత్తుకపోయినం. నేను, రవి, లక్ష్మణ్. ఉపాయం నాది. నడువు, ఇప్పుడే ఫాదర్ కాడికి పోదాం."

యేసయ్య ట్రంకు పెట్టె మీద కూసున్నడు.

"నాకు ఎరుకనే," అన్నడు.

"ఏంది?"

"ఆ పొద్దు పూజల ఉంటిని. కిటికిలకెల్లి కనవడ్డది. రవి మీద పట్టుకున్నడు, నువ్వు కింద పట్టుకున్నవు. నీ పంచె ఊడబోతె లక్ష్మణ్ బిగిచ్చిండు. నవ్వొచ్చి పాట తప్పిన. నా పిల్లలు, పండుగకు ఏదో తమాషా చేస్తరు అనుకున్న. జూబ్లీ నాడు స్టేజి కిందనే నిలవడ్డ, ఎప్పుడు తెస్తరా అని. కొత్త అంగీ గూడ తొడుక్కున్న."

ఉమేషు ఆయిన ముందట కింద కూసున్నడు.

"మరి ఫాదర్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"మూడు పార్లు అడిగిండు. తెల్వదన్న. మరునాడు పొద్దుగాల పూజ అయినంక మళ్ల అడిగిండు. పోలీసులను పిలుస్త, పిల్లలను గూడ అడుగుతరు అన్నడు. ఇగ నేనే తీసిన అని చెప్పిన." యేసయ్య చెయ్యి చాపి, ఉమేషు మెడల తాడు వంకర ఉంటె సదిరిండు. "ఏముంది బిడ్డా. ఎప్పుడు మొయ్యలేదా?"

"దీన్ని మంచితనం అంటవా?" బాలమణి గొంతు ఎనకకెల్లి వచ్చింది. పటం మూట కింద పెట్టింది. "ఈయిన ఊరు మానవపాడుల మాకు ఇల్లున్నదా, చేనున్నదా? అన్నదమ్ముల పంచన పండాలె. చర్చిల కూసుంటె పక్కన కూసునేటోళ్లు లేసిపోతరు. ముప్పై అయిదేండ్లు మీ ముక్కులు తుడిసిండు, మీ మెడలయి మోసిండు. మీరు మంచిగ చదువుకున్నరు. మంచిగ లైన్ల నిలవడ నేర్సిండ్రు. ఆఖరున ఎవరిని నిలవెట్టాలెనో అదొక్కటి మంచిగ నేర్సిండ్రు."

"ఊకో బాలా," అన్నడు యేసయ్య.

"నువ్వు ఊకో. నీ ఊకుండుడు చూస్తె గూడ నాకు రోత." కండ్ల నీళ్లు లేవు ఆమెకు. ఉమేషును సూటిగ చూసింది. "ఏమయ్యా. వచ్చి మాకు చెప్తె ఏం లాభం? ఆయినకు ముందే ఎరుక, నాకు ముందే ఎరుక. ఎరుక లేనోళ్ల కాడ చెప్పు. చెప్పే మొగోడివైతె రేపు తొమ్మిదికి ప్రార్థన కాడ, ఆరు వందల మంది పిల్లల ముందట చెప్పు. లేకుంటె పో. నీ చెక్క తీసుకోని పో."

ఉమేషు పోయిండు.

యాడాడ తిరిగి, పొద్దు గూకంగ ఇంటికి ఎట్ల వచ్చిండో తెల్వదు. మగ్గం అర్ర కాడ నిలవడి, నాయిన కాళ్లు పెట్టి నేసిన మగ్గం గుంతను చూసిండు. 'నూలుకు పట్టంచు.' అంచు పట్టుదే. జోడిచ్చిన కాడ పోగు జారిపోయింది, ఇరవై అయిదేండ్లు ఎవడూ చూసుకోలే. సరే, రేపు తొమ్మిదికి పోత, అనుకున్నడు. చెప్త. తేజస్విని లీడరు బిళ్ల పోతె పోనీ, బ్యాచ్ పోతె పోనీ. అనుకున్నంక పానం జర తేలికైంది. పొద్దున్నుంచి మొదటిసారి నోట్ల చేదు తగ్గింది.

లోపటికెల్లి ఇంగ్లిషు వినవస్తుంది. తేజస్విని గోడకు నిలవడి కాయిదం చేతుల పట్టుకోని పెద్దగ చదువుతుంది. ఒక్కొక్క మాట గంట కొట్టినట్టు. ఉమేషు గడప కాడ ఆగిండు. సగం తెలిసింది, సగం తెల్వలే. 'యేసయ్య' అన్న మాట మాత్రం తెలిసింది.

"ఏందమ్మా అది?"

"వచ్చినవా నాయినా. సిస్టర్ పిలిచి ఇచ్చింది. లక్ష్మణ్ అంకుల్ తెచ్చిచ్చిండంట. రేపు ప్రేయర్ల నేనే చదవాలె. పాత పిల్లలు ఎంత దయ గలోళ్లో మాకు తెలవాలెనని ఫాదర్ అన్నడంట." పిల్ల గొంతుల ఉషారు లేదు. "యేసన్న తాగుతడా నాయినా? నేనెప్పుడు చూడలే."

ఉమేషు చెయ్యి చాపిండు. తేజస్విని కాయిదం ఇయ్యలే. ఆఖరు గీత మీద ఏలు పెట్టింది.

పదమూడో గీత ఇప్పుడు ఖాళీగ లేదు. ఉమేషు సంతకం. ముందటి అక్షరానికి కొడవలి వంపు, కింద రొండు చుక్కలు, ఉమేషు ప్రోగ్రెస్ కార్డుల మీద నలభై మంది నాయినలకు పెట్టిన చుక్కలే. చూస్తె వానికే తనదే అనిపిచ్చింది. పక్క బెంచిల సిరా ఊదినోడు మంచిగ నేర్సుకున్నడు.

"నేను చదవ అని చెప్పిన సిస్టర్‌కు," అన్నది తేజస్విని. "యేసన్న గట్ల చెయ్యడు అన్న. సిస్టర్ ఇది చూపిచ్చింది. మీ నాయిన గూడ పెట్టిండు గద, మీ నాయిన అబద్ధం ఆడ్తడా, కాస్మాస్ మనిషి అన్నది. ఇగ నేనేం మాట్లాడలే."

పిల్ల కండ్లు కాయిదం మీదికెల్లి లేసినయి, ఉమేషు మెడ కాడ ఆగినయి. వార్నిషు చెక్క, తెల్ల రాత.

"నాయినా, ఈ సంతకం నీదేనా?"